అవతలి సాలు పాడని పాట

ఆ గురువారం పొద్దున మా మేడమెట్ల మీద ఒకే ఒక్క చెప్పు కనిపించింది. ఆడవాళ్ళది, కుడికాలిది, ఇంకా కొత్త వాసన పోనిది. రెండోది పైనా లేదు, కిందా లేదు. దాన్ని దాటి వెళ్ళాలా, పక్కకు తీసి పెట్టాలా అని చూస్తూ నిలబడి ఉండగా నాయన ఫోన్ చేశాడు.

"అత్త పాయె పాపా" అన్నాడు.

ఎప్పుడు అని అడగాలి. ఎట్లా అని అడగాలి. నేను మాత్రం, "ఆదివారం వస్తానని చెప్పినా కదా నాయనా" అన్నాను.  నాయన "ఇప్పుడే రా మే" అని ఫోన్ పెట్టేశాడు.

ధర్మవరం నుంచి పెనుకొండకు రైలు దూరం ఎక్కువ కాదు. ఏడు నెలలుగా ఆదివారం ఆదివారం చేసిన ప్రయాణమే. ఆ రోజు మొదటిసారి చేతిలో పుస్తకం లేకుండా కూర్చున్నాను. అత్త పోయి ఇప్పటికి మూడు వారాలు. ఆమె పాటలు విన్నవాళ్ళు కొందరు ఆమె గురించి రాయమని అడిగారు. నాకు మాట్లాడటం రాదు కాబట్టి రాస్తున్నాను.

అత్త మా నాయనకు అక్క. ఎర్రమంచి దాటాక రోడ్డుకు కాస్త లోపలగా రెండెకరాల మల్బరీ తోట, తోట మధ్యలో పట్టుపురుగుల షెడ్డు, షెడ్డు పక్కన రెండు గదుల ఇల్లు ఆమెవి. పెళ్ళి చేసుకోలేదు. హిందూపురం గూళ్ళ మార్కెట్లో ఆమెను గిటారక్క అనేవాళ్ళు. పట్టుగూళ్ళ సంచులు ఆటోలోంచి దించి, వేలం మొదలయ్యేదాకా ఆ సంచుల మీదే కూర్చుని గిటారు వాయించుకునేది కాబట్టి ఆ పేరు. "అక్కా, పాట బాగుంటే గూళ్ళకు రేటు పెంచుతామా ఏంది?" అని వ్యాపారులు ఎగతాళి చేసేవాళ్ళు. "పాట బాగలేకుంటే తగ్గిస్తారేమోనని భయమప్పా" అనేది.

పోయిన సంవత్సరం ఆఖర్లో ఆమె పాటల ఆల్బం ఫోన్లలోకి వచ్చింది. ఎనిమిది పాటలు. మాటలు, బాణీలు, గొంతు, గిటారు అన్నీ ఆమెవే. బెంగళూరులో ఎవరో దాని గురించి ఇంగ్లీషులో రాశారు. ఇందులో జానపదం ఉంది, మట్టివాసన గల రాక్ ఉంది, నల్లజాతివాళ్ళ సోల్ సంగీతం ఉంది, మూడూ విడదీయలేకుండా కలిసిపోయాయి అని. నేను దాన్ని తెలుగు చేసి అత్తకు చదివి వినిపించాను. అప్పటికి ఆమెకు గొంతు లేదు. ఒళ్ళో ఉన్న పలక తీసుకుని "ఉగ్గాని" అని, బొరుగుల్లో అన్నీ కలిపి చేసే మావైపు టిఫిన్ పేరు రాసి, నవ్వింది. శబ్దం లేకుండా, భుజాలు మాత్రమే ఊగేలా.

ఆ ఉగ్గానిలో ఏది ఎక్కడ నుంచి వచ్చిందో నాకు కొంత తెలుసు.

మా అవ్వ శెనక్కాయ చేలల్లో కలుపు తీసేది. ఆడవాళ్ళు రెండు వరసలుగా ఎదురెదురు సాళ్ళలో కూర్చుని కలుపు తీస్తూ వచ్చేవాళ్ళట. ఈ సాలువాళ్ళు పాటలో ఒక మాట అడిగితే అవతలి సాలువాళ్ళు పాటలోనే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పూట వాళ్ళను ఆటపట్టించేవాళ్ళు. అత్తకు నడక రాకముందే ఆ పాటలు వచ్చునని అవ్వ చెప్పేది. తర్వాత పెనుకొండ చర్చిలో ఒక సిస్టరు ఆమెకు గిటారు నేర్పింది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక క్యాసెట్ ఇచ్చింది. పైన కాగితం చిరిగిపోయింది, పాడినామె పేరు లేదు. అమెరికా నల్లవాళ్ళ చర్చి పాటలు అని మాత్రం చెప్పిందట.

"ఆయమ్మ ఏడుస్తాండాదా, దేవుని మీద అరుస్తాండాదా నాకు తెలీల్యా పాపా" అని అత్త చెప్పింది నాకు. "మాట ఒక్కటీ అర్థం కాల్యా. కానీ మా అమ్మ గూడా అట్లే పాడేది, ఎండలో. నడుము నొప్పి లేచినప్పుడు."

ఆ తర్వాత మూడేళ్ళు బెంగళూరులో ఒక బ్యాండులో పాడింది. ఎలక్ట్రిక్ గిటారు అక్కడే నేర్చుకుంది. అవ్వకు పక్షవాతం వస్తే వచ్చేసింది. మళ్ళీ పోలేదు.

నేను హిందూపురంలో కాన్వెంటులో చదివేదాన్ని. సెలవులిస్తే అత్త దగ్గరికి పంపేవాళ్ళు. మాట్లాడని పిల్లను నేను. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక నిలబడేదాన్ని. అత్త ఒక్కతే నన్ను బయటికి పిలిచేది కాదు. తలుపుకు అవతల కూర్చుని ఏదో ఒక పాట సగం పాడి ఆపేసేది. కొంతసేపటికి మిగతా సగం తలుపు వెనక నుంచి వచ్చేది. అట్లా మేమిద్దరం ఎన్ని పాటలు పాడామో. ఎవరికీ తెలియదు.

"పాడేటప్పుడు నిన్నెవరూ చూడరు మే. నోరు చూస్తారంతే" అనేది. నాకు నోరు చూడటమే భయం.

ఆల్బం పని రెండేళ్ళకు పైన సాగింది. అంతకాలం ఎందుకు పట్టిందని చాలామంది అడిగారు. కారణం పురుగులు.

అత్త ఇంట్లో రికార్డింగ్ కుదరదు. దగ్గర్లోని కార్ల ఫ్యాక్టరీకి వచ్చే పోయే లారీలు పగలంతా ఉంటాయి. అంత పొడుగు లారీల మీద కొత్త కార్లు వరసగా పోతుంటాయి. దాని మీదే ఆమె మొదటి పాట.

లారీ లారీ కార్ల లారీ
యాడికి మోస్తావు ఇన్ని తలుపులు
మా ఇంటికి ఒకటే తలుపు
అదీ సరిగ్గా పడదు

తోట మధ్యలోని షెడ్డులోకి మాత్రం లారీల మోత రాదు. మందపాటి గోడలు, గోడల నిండా చల్లదనం కోసం వేలాడదీసిన తడి గోనెపట్టలు. లోపల గొంతు విప్పితే మోగదు, ఉన్నది ఉన్నట్టు వినపడుతుంది. హిందూపురంలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో అన్న ఒకసారి లోపలికి వచ్చి, చప్పట్లు కొట్టి చూసి, "ఇట్లాంటి గది కోసం బెంగళూరులో లక్షలు పోస్తారు అక్కా" అన్నాడు.

కానీ ఆ గదిలో పురుగులు ఉంటాయి. వేల పురుగులు మల్బరీ ఆకు మేస్తుంటే ఎడతెగని సన్నని చప్పుడు వస్తుంది, రేకుల మీద తుంపర పడుతున్నట్టు. మైకుకు ఆ చప్పుడే ముందు వినపడుతుంది. పంట లేని రోజుల్లోనేమో షెడ్డు కడిగి, మందు కొట్టి మూసేస్తారు, ఆ ఘాటుకు లోపల ఊపిరి ఆడదు.

పురుగు చర్మం వదిలే ముందు మేత మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా, ఒక పగలూ ఒక రాత్రీ అట్లాగే ఉండిపోతుంది. మావైపు రైతులు దీన్ని జ్వరానికి కూర్చోవడం అంటారు. జబ్బు కాదు, పురుగు పెరిగే పద్ధతి. మొదటి రెండుసార్లు పిల్లపురుగులు పెంచే చోటే అయిపోతుంది. మన షెడ్డుకు వచ్చాక మూడోసారి, నాలుగోసారి కూర్చుంటాయి. అంటే ఒక పంటకు రెండు రోజుల నిశ్శబ్దం. ఆ రెండు రోజుల్లోనే అత్త పాడేది. ఒక్కోసారి కరెంటు ఉండదు, ఒక్కోసారి స్టూడియో అన్నకు పెళ్ళి ఉంటుంది. అట్లా ఎన్నో పంటలు పాట లేకుండానే గూళ్ళయి మార్కెట్టుకు పోయాయి.

షెడ్డులోకి వచ్చేవాళ్ళకు నియమాలు ఉండేవి. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచాలి. తలకు నూనె ఉండకూడదు, ఒంటికి సెంటు ఉండకూడదు. పురుగులకు ఘాటు వాసన పడదు. తప్పెట వాయించే మామ కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. అతనికి బీడీ అలవాటు.

"నోరు కడుక్కోపో" అనేది అత్త.

"కడుక్కున్నానక్కా."

"ఊదు."

అతను ఊదేవాడు. అత్త మొహం పక్కకు తిప్పుకునేది. "పురుగులు సస్తాయో లేదో గానీ నేనైతే సస్తా. మళ్ళీ పోయి కడుక్కో."

స్టూడియో అన్నను ఒకసారి సెంటు కొట్టుకొచ్చాడని బోరు కింద స్నానం చేయించి, అవ్వ పాత చీర కట్టుకోమని ఇచ్చింది. అతను పంచెలాగా దాన్ని చుట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు రికార్డయిన పాట ఆల్బంలో మూడోది. మధ్యలో అత్త గొంతు నవ్వుతో వణుకుతుంది. తీసేద్దామంటే ఒప్పుకోలేదు.

ఏడు పాటలు అట్లా అయ్యాయి. ఏడోది పాడేటప్పటికే గొంతు బొంగురు. సున్నం పొడి, బ్లీచింగ్ పొడి పీల్చి అట్లా అయిందనుకుంది. మేమూ అనుకున్నాం. పెనుకొండలో మాత్రలు రాయించుకుని నెలలు గడిపింది. చివరికి నాయన పట్టుపట్టి బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడ డాక్టర్లు గొంతులోకి గొట్టం వేసి చూసి, క్యాన్సరని చెప్పి, స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేస్తే బతకొచ్చు. మాట ఉండదు. వచ్చే సోమవారమే చేర్చుకుంటాం, ఇంకా ఆలస్యం చేస్తే మా చేతుల్లో లేదన్నారు.

అత్త అడిగింది ఒక్కటే. "సోమవారం పొద్దున్నా, మధ్యాహ్నమా?"

అప్పుడు షెడ్డులో పంట ఉంది. నాలుగోసారి కూర్చోవాల్సింది శనివారం. ఆదివారమంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఎనిమిదో పాట ఆ ఒక్క రోజులో అయిపోవాలి. అది ఆల్బంలో ఆఖరి పాట. దాని కోసమే మిగతా ఏడు పాడానని ఆమె అనేది.

అది సాళ్ళ పాట. మూడు చరణాలు ఈ సాలులో ఉన్నామె అడుగుతుంది. ఎండ ఎట్లా ఉండాది, నీళ్ళు ఎవరు తెస్తారు, నేను పిలిస్తే నువ్వు ఉండావా. నాలుగో చరణం అవతలి సాలు జవాబు. అది అవ్వ పాడిన పాత చరణమని, దాన్ని వదలకుండా పెట్టుకున్నానని అత్త అందరికీ చెప్పింది. ఆ జవాబు నేను పాడాలన్నది ఆమె ఆశ.

ఒప్పుకున్నాను. మల్బరీ తోటలో తలకంటే ఎత్తు కొమ్మల మధ్య, అత్త ఒక వరసలో, నేను ఇంకో వరసలో నిలబడి పాడుకున్నాం. కొమ్మల మధ్య మేము ఒకరికొకరం కనపడేవాళ్ళం కాదు. ఆమె బొంగురు గొంతుతో అడిగేది. నా గొంతు మామూలుగానే వచ్చేది.

"అంతే మే. మైకు గూడా ఒక మల్బరీ కొమ్మ అనుకో" అంది.

శనివారం నాయన ఆమెను స్కానింగులకని మళ్ళీ బెంగళూరు తీసుకుపోయాడు. నేను పనిచేసే లైబ్రరీకి సెలవు పెట్టి షెడ్డు దగ్గర ఉన్నాను. పోతూ పోతూ అత్త ఆటోలోంచి చెప్పింది. "మధ్యాహ్నానికి ముక్కాలుభాగం కూర్చుంటాయి. ఆడికి ఆకు ఆపేయ్. పైన సున్నం చల్లు. కొన్ని తిరగలాడతాంటాయి, వాటిని సూసి జాలిపడొద్దు. అవీ కూర్చుంటాయి."

మధ్యాహ్నానికి చాలా పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి. కొన్ని మాత్రం అరల అంచుల దాకా పాకి, తలలు అటూ ఇటూ ఊపుతూ ఆకు కోసం వెతుకుతున్నాయి. ఎండు కొమ్మలను పట్టుకుని కొరుకుతున్నాయి. నేను అరగంట చూశాను. బయటికి పోయి పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ కూడా ముందుకు పోలేదు. మళ్ళీ లోపలికి వచ్చాను.

ఆకు వేశాను. ఆకలిగా ఉన్నవాటికే వేద్దామనుకున్నాను, కానీ అవి అన్ని అరల్లోనూ ఉన్నాయి. అన్నిటికీ కొమ్మలు పరిచాను. సాయంత్రం ఇంకోసారి వేశాను. కూర్చున్న పురుగులన్నీ తడి ఆకు కింద పడిపోయాయి. సున్నం చల్లలేదు. తిండి పెట్టడం తప్పు ఎట్లా అవుతుందో నాకు ఆ రోజు తట్టలేదు.

ఆదివారం పొద్దున అత్త వచ్చి షెడ్డు తలుపు తీసింది. తుంపర చప్పుడు. గడప మీదే నిలబడిపోయింది. కొన్ని అప్పుడే చర్మం వదిలి లేచి మిగిలిన ఆకు మేస్తున్నాయి. కొన్ని ఆకు కింద సగంలో చిక్కుకున్నాయి. కొన్ని ఇప్పుడే కూర్చుంటున్నాయి. అన్నీ ఒకటిగా నిద్రపోయే రోజు ఆ పంటలో ఇక లేదు.

"ఆకు వేసినావా?" అంది.

తల ఊపాను.

"ఎన్నిసార్లు?"

రెండు వేళ్ళు చూపించాను.

అత్త నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గొంతు ఆ పొద్దున ఇసుకలో చక్రం తిరిగినట్టు ఉంది. స్టూడియో అన్న మైకు పెట్టి విన్నాడు. "వద్దక్కా, అంతా ఇదే వినపడతాండాది. మిషన్లో తీసేయొచ్చు కానీ దీంతోపాటు నీ గొంతు కూడా పోతాది. నీ గొంతులో గాలే ఎక్కువుంది ఇప్పుడు" అన్నాడు. వేరే చోటికి పోదామా అన్నాడు. చర్చిలో ఆదివారం ప్రార్థన. అతని స్టూడియో బస్టాండు ముందర. ఎక్కడికి పోయినా దారిలోనే సగం గొంతు అయిపోతుందని అత్తకు తెలుసు.

ఆమె కొంచెంసేపు అరల మధ్య నడిచింది. తర్వాత, "ఆకంతా తీసేయండి" అంది.

తప్పెట మామ ఆమె వైపు చూశాడు. "అక్కా, లేచినాయి గదా. లేచినవాటికి మేత లేకుంటే పంట పోతాది."

"తెలుసప్పా. నాకు చెప్తాండావా?"

"పంట పోతాది అక్కా" అన్నాడు మళ్ళీ, చిన్నగా.

"పోనీ."

నలుగురం కలిసి ఒక్కో కొమ్మా తీశాం. ఆకు వేసిన చేతులతోనే తీశాను. చివరి అర ఖాళీ అయ్యేటప్పటికి చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. లేచిన పురుగులన్నీ తలలెత్తి గాలిలో ఊపసాగాయి. వేల తలలు. ఆకలికి. ఏ శబ్దమూ లేదు. వాటి మధ్య స్టూలు వేసుకుని కూర్చుని అత్త గిటారు తీగలు సవరించింది.

మొదటిసారి రెండో చరణంలో గొంతు తెగింది. వేడినీళ్ళు తాగి కళ్ళు మూసుకుని కూర్చుంది. రెండోసారి తప్పెట తప్పింది. మూడోసారి మొత్తం పాడింది. ఆ పాట విన్నవాళ్ళకు దాని గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. క్యాసెట్‌లోని ఆ పేరులేని ఆమె, ఎండలో మా అవ్వ, ఇద్దరూ ఆ గొంతులో ఉన్నారు. చివరి ప్రశ్న, నేను పిలిస్తే నువ్వు ఉండావా అన్నది, సగం గాలి, సగం మాట. అది అయ్యాక గిటారు ఆపకుండా నా వైపు చూసింది.

మైకు నా ముందుంది. స్టూడియో అన్న చెయ్యి ఎత్తి, ఇప్పుడు అని సైగ చేశాడు. తప్పెట మామ తల ఊపాడు.

నోరు తెరిచాను. రాలేదు.

అత్త ఆ చరణమంతా గిటారు వాయించింది. మళ్ళీ మొదటి నుంచి అదే చరణం వాయించింది. నా కళ్ళకు పురుగుల తలలే కనిపిస్తున్నాయి. మూడోసారికి నేను తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను. గడప దగ్గరి బ్లీచింగ్ తొట్టి తన్ని నీళ్ళు ఒలకబోశాను.

అత్త బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. తన కొంగుతో నా కాళ్ళు తుడిచింది. "నీ భాగం తరువాత పెట్టుకుందాం. అన్న ఆడ ఖాళీ వదుల్తాడంట" అంది. అది ఆమె నాతో మాట్లాడిన చివరి పెద్ద మాట.  మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర నాయనతో, "మజ్జిగ దొరుకుతుందేమో సూడప్పా" అంది. నాకు వినపడిన ఆమె ఆఖరి మాటలు అవి.

ఆపరేషనయ్యాక కళ్ళు తెరిచి, పలక అడిగి, ఆమె రాసిన మొదటి మాట "పురుగులు?"

"బాగుండాయి" అన్నాను.

దాని కింద "అబద్ధం" అని రాసింది. తర్వాత నా చెయ్యి తీసుకుని దుప్పటి లోపల పెట్టుకుంది. ఆ పంటలో సగం గూడే కట్టలేదు.

ఇంటికి వచ్చాక మెడ దగ్గర రంధ్రానికి గుడ్డ కట్టుకుని తిరిగేది. పురుగుల్ని మళ్ళీ తెచ్చే ఓపిక లేదు. తోటను పక్క రైతుకు ఇచ్చేసింది. మాట పోయిందని ఏడవడం నేను చూడలేదు. తప్పెట మామ వస్తే పలక మీద "ఊదు" అని రాసేది. అతను నవ్వబోయి తల తిప్పుకునేవాడు. ఒకసారి నేను ధర్మవరం లైబ్రరీ గురించి చెబుతూ పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాను. "ఇంత మాట్లాడతావని తెలిసింటే నేను ముందే నోరు మూసుకునేదాన్ని" అని రాసింది.

నా భాగం కోసం స్టూడియో అన్న మూడుసార్లు మైకు తెచ్చాడు. మొదటిసారి నాకు జలుబు అన్నాను. రెండోసారి రైలు ఆలస్యమైందని చెప్పాను, కాలేదు. మూడోసారి హెడ్‌ఫోన్లు కూడా పెట్టుకున్నాను. చెవుల్లో అత్త గొంతు, నేను పిలిస్తే నువ్వు ఉండావా అని. ఎదురుగా మంచం మీద అత్త, మెడకు గుడ్డతో. హెడ్‌ఫోన్లు తీసేశాను. వచ్చే ఆదివారం అన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చే ఆదివారం అన్నాను.

ఆల్బం ఆపొద్దని అత్తే చెప్పింది. "పెట్టేయ్" అని పలక మీద రాసి అన్న చేతికిచ్చింది. ఆఖరి పాటలో నాలుగో చరణం ఉండాల్సిన చోట గిటారు, తప్పెట మాత్రం ఉన్నాయి. మాటలు లేని ఆ ముక్క చాలా బాగుందని, జవాబు లేకుండా వదిలేయడం గొప్ప ఆలోచన అని జనం రాశారు. అవి ఆమెకు చదివి వినిపించలేదు.

ఆల్బం వచ్చాక జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. సమాధి చేసిన రోజు ఫాదర్ ప్రార్థన అయ్యాక తప్పెట మామ ముందుకు వచ్చి ఆ పాట దరువు మొదలుపెట్టాడు. మూడు చరణాలూ వచ్చినవాళ్ళు పాడారు. నాలుగో చరణానికి అతను నా వైపు చూడలేదు. తల వంచుకుని ఆ చరణమంతా వాయించి ఆపేశాడు. మట్టి వేయడం మొదలైంది. నేను కూడా వేశాను. నా గొంతు అప్పుడూ రాలేదు. అంతా వెళ్ళిపోయాక వచ్చింది, కానీ అప్పటికి అడిగినామె లేదు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఒక పాట కోసం రెండేళ్ళు ఆగడం, ఎగతాళి చేసేవాళ్ళతో కలిసి నవ్వడం, తప్పు చేసినవాళ్ళ కాళ్ళు తుడవడం. ఒక్కటి నేర్చుకోలేదు. పిలిచినప్పుడు పలకడం.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది చివరి నెల సాయంత్రాలు. షెడ్డు గోడకు ఆనించిన నులకమంచం మీద కూర్చుని అత్త నాలుగో చరణం గిటారు మీద వాయించేది. గొంతు లేకపోయినా పెదవులు కదిపేది, ఒక్క మాటా తప్పకుండా. నాకు సిగ్గేస్తుందని నా వైపు తిరిగేది కాదు. మల్బరీ కొమ్మల వైపు చూస్తూ, చరణం అయిపోతే మళ్ళీ మొదలుపెట్టేది. లారీలు పోతుండేవి. నేను మెట్టు మీద కూర్చుని ఆ పెదవులనే చూసేదాన్ని.

ఆ చరణం అవ్వది కాదు. అత్త రాయమంటే, నా పేరు చెప్పొద్దని అడిగి నేను రాసింది.